కోలుర్ కట్టని గోడ

హోగ్ని తోర్గిల్సన్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిందని మా లోయలో అంటారు. నేనొప్పుకోను. అతను పుట్టినప్పుడు నాకు నాలుగేళ్లు. ఉయ్యాల్లో చూశాను, అందరు పిల్లల్లాగే ఎవరు పలకరించినా బోసినోటితో నవ్వేవాడు. పదకొండో ఏట వాళ్లమ్మ యోరున్‌కి జబ్బు చేసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. వారంలో వచ్చేస్తుందిరా అని పెద్దవాళ్లందరూ వాడికి చెప్పారు. మా అమ్మా చెప్పింది. యోరున్ శవపెట్టెలో వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరేం చెప్పినా హోగ్ని అటూ ఇటూ తిప్పి చూడకుండా నమ్మింది లేదు.

రేడియోలో వాతావరణం చెప్పడం అయిపోగానే వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూసొచ్చేవాడు. డాక్టరు ఒక చేతికి రక్తపోటు కొలిస్తే రెండో చెయ్యి చాపి "దీనికీ కొలువు" అనేవాడు. సహకార సంఘం కొట్లో పొగబెట్టిన గొర్రెమాంసం కొని, ఇంటికి తెచ్చి వాసన చూసి, "ఇది మన కొండమీద మేసిన గొర్రె కాదు" అని తిరిగి పట్టుకెళ్లేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, "ఒప్పుకున్నవాళ్లున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో అంతుబట్టలేదు" అన్నాడు.

అతని అనుమానాలన్నిటిలోకీ పెద్దది టీవీలో వచ్చే వైకింగుల మీద, అంటే వెయ్యేళ్ల కిందట ఓడల్లో తిరిగిన మా పూర్వీకుల మీద. సొంతంగా టీవీ కొనుక్కునేంత నమ్మకం దానిమీద లేదు కనుక ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంటికొచ్చి, నా కాఫీ తాగుతూ, నేను మెలితిప్పి వేయించిన తీపి బిళ్లలు తింటూ ఆ సీరియళ్లని తిట్టేవాడు.

"ఏమే స్టైన్‌వోర్, అది ఏ దేశం?"

"డెన్మార్క్ అని రాశారుగా కింద."

"డెన్మార్క్‌లో ఆ కొండలెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద కొండ మా పేడకుప్పంత ఉంటుంది. మన ముత్తాతలు అక్కడికి వెళ్లి విసుగెత్తి తిరిగొచ్చారు."

"చూడనిస్తావా లేదా?"

"ఆ తల చూడు. పక్కలన్నీ గొరిగించి నడిమధ్య జడ. ఓడలో మంగలిని కూడా తెచ్చుకున్నారా? ఆ నల్లతోలు బట్టలు చూడు. వానలో తోలు తొడుక్కుని రెండ్రోజులు తెడ్డు వేస్తే తెలుస్తుంది వాడికి. ఉన్ని ఏదీ? మూడొందలమంది మగాళ్లున్నారు, ఒక్క గొర్రె లేదు. ఏం తిని బతుకుతున్నారు వీళ్లు?"

"ఒకళ్లనొకళ్లు తింటున్నారు. నోర్మూసుకుని చూడు."

"అయ్యో, ఇంట్లో కాగడా! పైన ఎండుకొమ్మల కప్పు, కింద వెధవ కాగడా పట్టుకుని పరిగెడుతున్నాడు. వాళ్లమ్మ నాలుగు తన్నలేదా?"

ఇవన్నీ కాగితం మీద పెట్టి పత్రికకి ఉత్తరాలు రాసేవాడు. పదిహేను రాస్తే రెండు వేశారు. మిగతా పదమూడూ ఎందుకు వెయ్యలేదన్నది ఇంకో అనుమానం. ఉత్తరం ఏదైనా చివర మాట ఒకటే ఉండేది: మా కోల్‌గెర్దిలో మొదటి వలసదారుడు కోలుర్ సొంతచేతుల్తో కట్టిన గోడ ఇప్పటికీ నిలిచి ఉంది, సందేహమున్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

కోల్‌గెర్ది అంటే హోగ్ని పొలం, మా పొలానికి వాగు అవతల. ఆ గోడ ఇంటి వెనక ఉంటుంది, గొర్రెల దొడ్డికి ఒక పక్క. ముప్ఫై అడుగుల పొడవు, ఛాతీ ఎత్తు. రాయి కాదు, బురదనేల నుంచి వేళ్లతో సహా కోసిన పచ్చిక పెళ్లలు, ఒకదానిమీదొకటి ఏటవాలుగా, చేపముల్లు వరసలో పేర్చినవి. పైనంతా గడ్డి మొలిచి పచ్చటి దుప్పటి కప్పినట్టుంటుంది. వాళ్ల నాన్న తోర్గిల్స్ ఆ గోడని చూపించి, పదకొండొందల ఏళ్ల కిందట ఓడ దిగిన కోలుర్ కట్టాడని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. హోగ్ని ఆ గోడ చూసే పెళ్లలు పేర్చడం నేర్చుకున్నాడు. చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడు అతనొక్కడే మిగిలాడు, పాత చర్చి గోడ కుంగితే అతన్నే పిలుస్తారు. లోకమంతా అబద్ధమైనా ఆ ఒక్క గోడ నిజం అతనికి.

ఇప్పుడు నా సంగతి చెప్తాను, దాచి లాభం లేదు. ఆ గోడ కోలుర్ కట్టలేదు. పందొమ్మిదివందల నలభైతొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో యోరున్ కట్టింది, హోగ్ని తల్లి. మా అమ్మ సాయం చేసింది. నాకప్పుడు ఆరేళ్లు. వరసకీ వరసకీ మధ్య పోసిన మట్టిని కాళ్లతో తొక్కింది నేనే.

ఆ ఏడు తోర్గిల్స్ క్షయ ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి పడిపోయిన దొడ్డి గోడ లేచి నిలబడి ఉంది. ఒక ఊపిరితిత్తితో మిగిలిన మనిషి, తను చెయ్యాల్సిన పని పెళ్లాం చేసిందంటే సిగ్గుపడ్డాడేమో. మర్నాడు ఎవరో బడిపంతులు కాఫీకి వచ్చి గోడ బాగుందే, ఎవరు కట్టారంటే, "ఎవరేమిటి, కోలుర్!" అన్నాడు. యోరున్ పకపకా నవ్వి కాఫీ పోసింది. అలా మొదలైంది. పంతులు ఇంకొకరికి చెప్పాడు, ఇంకొకరు చూడ్డానికి వచ్చారు, తోర్గిల్స్ చెప్తూ చెప్తూ తనే నమ్మేశాడు. లోయలో పెద్దవాళ్లందరికీ అసలు సంగతి తెలుసు. యోరున్ పోయాక ఆ పిల్లాడు బడి నుంచి రాగానే గోడకి చేరగిలబడి కూర్చునేవాడు. ఎవరికి నోరొస్తుంది? అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, డెబ్బై ఏళ్లు కాలు కడుక్కోకుండా తిరిగాను. ఒకరొకరే పోయి, తెలిసినదాన్ని చివరికి నేనొక్కదాన్నే మిగిలాను.

రెండేళ్ల కిందట వసంతంలో విదేశీ కంపెనీ ఒకటి మా లోయలో వైకింగుల సీరియల్ తియ్యడానికి దిగింది. వాళ్ల పనులన్నీ చూసేవాడు దాగుర్ అని రాజధాని కుర్రాడు, చెవిలో ఎప్పుడూ ఫోను. వాడు తిన్నగా కోల్‌గెర్దికి వెళ్లాడు.

"హోగ్నీ, నీ ఉత్తరాలు చదివాం. ఈసారి అంతా అచ్చం అప్పటిలాగే ఉండాలని మావాళ్ల పట్టుదల. సీరియల్లో నాయకుడి ఇల్లు నువ్వు కట్టాలి. తెర మీద పేర్లలో నీ పేరు వేస్తాం."

"ఏ ఉత్తరాలు?"

"పత్రికలోవి."

"రెండేగా వేశారు. మిగతావి నీకెవరు చూపించారు?"

దాగుర్ బిక్కమొహం వేశాడు. ఆ సాయంత్రం హోగ్ని నా దగ్గరికొచ్చి, వీళ్లకేదో లోపాయికారీ ఉందని గంటసేపు చెప్పాడు. చెప్తున్నంతసేపూ కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. డెబ్బైరెండేళ్ల మనిషి, మొదటిసారి ఎవరో వచ్చి నువ్వన్నదే నిజం అన్నారు. మర్నాడే పార పదును పెట్టాడు.

పెళ్లలు కొయ్యడం మొదలెట్టి వారం అయ్యేసరికి సోల్‌రూన్ వచ్చింది. భూమి తవ్వి పాత ఇళ్లు బయటికి తీసే చదువు చదివిన పిల్ల, ఆ సీరియల్‌కి చరిత్ర సలహాదారు. బురదబూట్లు, గాలికి పగిలిన బుగ్గలు, మాట తిన్నగా ఉంటుంది. మా దేశంలో ప్రధానమంత్రినైనా పేరు పెట్టి నువ్వనే పిలుస్తాం, కనుక ఆ పిల్ల నువ్వన్నందుకు హోగ్నికి కోపం రాలేదు. అన్న మాటకి వచ్చింది.

"హోగ్నీ, పెళ్లలు చక్కగా కోశావు. కానీ ఈ ఇంటికి ఈ వరస కుదరదు. చేపముల్లు వరస వందల ఏళ్ల తర్వాత వచ్చింది. మొదట వచ్చినవాళ్లు పొడుగు పట్టెలు కోసి పడుకోబెట్టి పేర్చారు. మేం తవ్విన ఆ కాలపు ఇళ్లన్నీ అలాగే ఉన్నాయి."

"అన్నీ తవ్వావా?"

"దొరికినవన్నీ."

"దొరకనివి?"

సోల్‌రూన్ నవ్వింది. అతను నవ్వలేదు. చెయ్యి పట్టుకున్నంత పనిచేసి తన గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ పిల్ల గోడ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది, వంగి చూసింది, అరచేత్తో నిమిరింది. "ఎవరు కట్టారో గాని చాలా మంచి చెయ్యి" అంది. అనేసి ఊరుకుంది.

"మెచ్చుకుని ఊరుకుంది చూశావా?" అన్నాడు నాతో హోగ్ని. "తిట్టినవాళ్లని నమ్మొచ్చు. మెచ్చుకుని ఊరుకున్నవాళ్లు మళ్లీ వస్తారు."

నిజంగానే మళ్లీ వచ్చింది. గోడని ఒకచోట జానెడు వెడల్పున నిలువునా కోసి చూస్తే కాలం తెలిసిపోతుంది, తర్వాత మూసేద్దాం అంది. ఎలా తెలుస్తుందో అతనికి చెప్పక్కర్లేదు. పదకొండువందల నాలుగులో హెక్లా కొండ బద్దలై మా ఉత్తరాది అంతటా తెల్లబూడిద కురిసింది. బురదనేలలో పార దింపిన ప్రతివాడూ చూస్తాడు, నల్లమట్టిలో దారంలా తెల్లటి చార. గోడలో పెళ్లకి ఆ చార ఉందంటే, ఆ పెళ్ల బూడిద పడ్డాక కోసిందని అర్థం. కోలుర్ అప్పటికి చచ్చి రెండొందల ఏళ్లు. హోగ్ని ఆ చారని వేలసార్లు చూసుంటాడు, తన గోడలో ఉందా అని మాత్రం ఒక్కనాడూ గోకి చూడలేదు. అనుమానం పెనుభూతమంటారు గాని, ఆ భూతం కూడా అతన్ని ఆ గోడ దగ్గర ఒంటరిగా వదిలేసింది.

"కొయ్యనివ్వను" అన్నాడు.

వారంరోజులు గోడకి కాపలా కాశాడు. కుర్చీ వేసుకుని, కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని, ఎండుచేప వెన్నలో ముంచుకు తింటూ పొద్దస్తమానం అక్కడే. శనివారం గోడ మూలలో గుప్పెడంత బొక్క కనిపించింది. ఇంకేముంది, తవ్వకాలవాళ్లు దొంగతనంగా గొట్టం దింపి మట్టి పట్టుకుపోయారని సహకార సంఘం కొట్లో అందరి ముందూ సోల్‌రూన్‌ని నిలదీశాడు. ఆ పిల్ల ఎర్రబడిపోయింది. నేను వెళ్లి చూశాను కదా, బొక్క ముందు నా పొట్టేలే కొమ్ము దూర్చి రుద్దుకుంటోంది. చెవికి మా ఇంటి గాటు ఉంది, కాదనడానికి వీల్లేదు. మా దగ్గర గొర్రె ఎవరిదో చెవి కోత చూస్తే తెలుస్తుంది, ప్రతి ఇంటికీ ఒక కోత, అన్నీ పుస్తకంలో అచ్చేసి ఉంటాయి. హోగ్ని ఆ పుస్తకం మొత్తం కంఠతా పట్టాడు.

"నీ పొట్టేలుని ఆ పిల్ల తోలలేదని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

"ఒరే, సిగ్గుండాలి."

కొట్లో జనం అతన్ని ఆటపట్టించారు. కోలుర్ పొట్టేలు దొరికిందా అని ఒకడు, సాక్షిగా దాని పేరు కూడా తెర మీద వేస్తారా అని ఇంకొకడు. అతను రొట్టె కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆ నడక చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

బుధవారం పొద్దున మా వంటింట్లోకి వచ్చి నిలబడే చెప్పాడు. "రేపు కోస్తున్నాను. ఆ పిల్ల కాదు, నేనే."

చేతిలో గిన్నె కింద పెట్టేశాను. "ఎందుకురా? నిక్షేపంలాంటి గోడకి గాయమెందుకు?"

"కొయ్యనివ్వకపోతే నాకూ టీవీలో ఆ జడవాడికీ తేడా ఏముంది? వాడికీ కథ బాగుంటే చాలు, నాకూ బాగుంటే చాలు."

"వాళ్లు పట్టెలతో కట్టుకుంటే కట్టుకోనీ. నీ గోడ నీది."

"నీకెందుకే అంత కంగారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. పొయ్యి వైపు తిరిగి, పాలు పొంగుతున్నాయని ఏదో అన్నాను. పొయ్యి మీద పాలు లేవు. అతను చూశాడు.

గురువారం సన్నగా జల్లు పడుతోంది. సోల్‌రూన్, హోగ్ని, నేను. నన్నెవరూ పిలవలేదు, ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. హోగ్ని పైన గడ్డిని చాపలా చుట్టి పక్కన పెట్టాడు. పార నిలువునా దింపాడు. రొట్టె కోసినట్టు కోసుకుంటూ మోకాలి ఎత్తుకి వచ్చేసరికి, కొలబద్ద, కెమెరా తెస్తానని సోల్‌రూన్ కారు దగ్గరికి వెళ్లింది. కారు వాగు అవతల ఉంది.

అతను మోకాళ్లమీద కూర్చుని కోసిన ముఖాన్ని చేత్తో తుడిచాడు. నల్లమట్టిలో తెల్లచార. ఒక పెళ్లలో కాదు, మూడింట్లో. బొటనవేలు తీసుకెళ్లి దానిమీద పెట్టాడు. వేలికింద మొదటి చార మొత్తం దాగిపోయింది. గుప్పెడు తడిమట్టి మెత్తితే మిగతావీ పోతాయి, ఆ పిల్ల ఇంకా వాగు కూడా దాటలేదు. మెత్తెయ్యరా, మెత్తెయ్యి అని మనసులో అనుకున్నాను, ఎందుకు దాచాలి. అతను వేలు తీసేశాడు. తీసి ఇంకా కిందికి పార దించాడు.

పార దేనికో తగిలి మెత్తగా ఆగింది. చేత్తో లాగాడు. రబ్బరు చెప్పు. ఆ రోజుల్లో లారీ టైరు ట్యూబు కోసి, అతికించి, పొలాల్లో అందరం తొడుక్కునేవాళ్లమే, ఆ రకం. ఆడవాళ్ల కొలత. అందరివీ ఒకేలా ఉండేవి కాబట్టి మారిపోకుండా ఎవరి గొర్రెల గుర్తు వాళ్లు మడమ మీద కోసుకునేవాళ్లం. హోగ్ని వానలో ఆ మడమ కడిగాడు. కొస కత్తిరింపు, కింద రెండు గాట్లు. అది కోల్‌గెర్ది గుర్తు కాదు. యోరున్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాలుగు గొర్రెలది. ఆవిడతోనే ఆ గుర్తు పోయింది, పాత పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

అతను తలెత్తి నన్ను చూశాడు. నేను కొండ వైపు చూశాను. సోల్‌రూన్ అడుగుల చప్పుడు వినగానే చెప్పుని కోటు జేబులో పెట్టేసుకున్నాడు.

సోల్‌రూన్ కొలిచింది, ఫొటోలు తీసింది. గెలిచానన్న గర్వం ఆ పిల్ల ముఖంలో లేదు, అది చెప్పాలి. "పదకొండువందల నాలుగు తర్వాతది, హోగ్నీ. ఎంత తర్వాతో దీన్నిబట్టి చెప్పలేను. ఏడెనిమిది వందల ఏళ్లది కావచ్చు. అదీ తక్కువేం కాదు."

"కావచ్చు" అన్నాడు హోగ్ని.

ఒక్క మాట. జేబులో చెప్పు పెట్టుకుని కావచ్చు అంటున్నాడు, హోగ్ని! సంతోషించానా? సంతోషించాను. నా అబద్ధానికి తోడు దొరికిందనుకున్నాను. ఆ వెంటనే అతని మీద అసహ్యం వేసింది, ఆ తర్వాత నామీద.

కబురు వినగానే దాగుర్ ఎగిరి గంతేశాడు. ఎనిమిది వందల ఏళ్ల గోడ, దాన్ని కాపాడుతున్న ముసలి రైతు, సీరియల్‌కి ముందు చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? శుక్రవారం మధ్యాహ్నం కెమెరాలు పట్టుకుని కోల్‌గెర్దికి వచ్చారు. నారింజరంగు కోటు వేసుకున్న విదేశీ దర్శకుడు ఒకడు, వాడి మాట ఇటూ ఇతని మాట అటూ అందించడానికి దాగుర్. హోగ్ని ఉతికిన స్వెట్టరు వేసుకుని, తల దువ్వుకుని గోడ ముందు నిలబడ్డాడు. నేను దొడ్డి తలుపు దగ్గర ఉన్నాను. ఏం చెప్తాడోనని చేతులు ఆప్రాన్‌లో చుట్టుకుని పిసుక్కుంటున్నాను.

"ఇది మా పూర్వీకుల గోడ" అని మొదలుపెట్టాడు. దర్శకుడు తలూపాడు. హోగ్ని జేబులోంచి చెప్పు తీశాడు. "దీన్ని కట్టినావిడ చెప్పు ఇది. గోడ అడుగున దొరికింది. గుర్తు చూడండి, కొస కత్తిరింపు, రెండు గాట్లు. యోరున్, మా అమ్మ. కోలుర్ కట్టాడని ముప్ఫై ఏళ్లుగా పత్రికలకి రాశాను. తప్పు రాశాను. నిన్న ఈ పిల్ల ఎనిమిది వందల ఏళ్లు కావచ్చంటే కావచ్చన్నాను. అది తప్పు కాదు, అబద్ధం."

దాగుర్ తడబడుతూ అటు చెప్పాడు. దర్శకుడు గుండె మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఏదో మాట్లాడాడు.

"మనసు కదిలిపోయిందంటున్నాడు" అన్నాడు దాగుర్. "కానీ రబ్బరు చెప్పు మన సీరియల్‌కి నప్పదట. చెప్పు లేకుండా, అమ్మ సంగతి లేకుండా, పూర్వీకుల గోడ అన్న మొదటి ముక్క ఒక్కటి ఇంకోసారి చెప్తావా?"

"మొదటిది ఎలా చెప్పానో చివరిదీ అలాగే చెప్పాను. మా అమ్మ నాకు పూర్వీకురాలు కాదా?"

"అవుననుకో, కానీ చూసేవాళ్లు..."

"చూసేవాణ్ణి నేనే" అన్నాడు హోగ్ని. "ప్రతి ఆదివారం."

వాళ్లు వైర్లు చుట్టుకుని వెళ్లిపోయారు. సోల్‌రూన్ వెళ్తూ వెళ్తూ అతని చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ నాయకుడి ఇల్లు తర్వాత పొడుగు పట్టెలతోనే కట్టాడు, ఆ పిల్ల పక్కన నిలబడి చెప్తే, ప్రతి పట్టెకీ ఒక ప్రశ్న వేస్తూ. పేర్లలో అతని పేరు వెయ్యలేదు.

కెమెరాలు వాగు దాటాక మేమిద్దరమే మిగిలాం.

"నీకు తెలుసు" అన్నాడు. అడగలేదు, అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"కట్టినప్పటి నుంచి. ఆ మట్టి తొక్కింది నేనే."

"ప్రతి ఆదివారం నీ ఇంట్లో కూర్చుని వాళ్లని అబద్ధాలకోరులని తిట్టాను. నువ్వు పక్కన కూర్చుని కాఫీ పోశావు. అమ్మ వారంలో వచ్చేస్తుందన్నారు మీరంతా. గోడ కోలుర్‌దన్నారు మీరంతా. ఇంకేం దాచావే?"

"ఇంకేం లేదురా."

"నేను నమ్మను."

నాకు ఏడుపొచ్చేసింది. డెబ్బైఆరేళ్లదాన్ని, దొడ్డి తలుపు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. తప్పయిందిరా అన్నాను, నీ సంతోషం చెడగొట్టలేక అన్నాను. అతను నన్ను ఊరుకోబెట్టలేదు, వెళ్లిపోనూ లేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి, తడిగడ్డి మీద కూర్చుని, "మొదట్నుంచీ చెప్పు" అన్నాడు. "ఎక్కడ కోసింది, ఎలా మోసింది, అంతా."

చెప్పాను. వాగు మలుపు దగ్గర బురదలో కోసేవాళ్లు, మా గుర్రం మీద రెండు పక్కలా వేసి తెచ్చేవాళ్లు. యోరున్‌కి ఎడమచేతి వాటం, మా అమ్మకి కుడి, ఇద్దరూ చెరో చివర నుంచి పేర్చుకుంటూ మధ్యలో కలిసి పోట్లాడుకునేవాళ్లు. యోరున్ పాడుతుండేది, గొంతు మహా ఘోరం. రెండేళ్ల హోగ్నిని వాగులో పడకుండా నడుముకి తాడు కట్టి కంచె గుంజకి కట్టేసేవాళ్లు.

"చెప్పు ఎలా పడింది?"

"నువ్వు ఏడ్చావు. ఒక్కసారిగా, కెవ్వుమని. ఆవిడ చేతిలో పెళ్ల పారేసి పరిగెత్తింది. తడిమట్టిలో కూరుకుని ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. ఆగలేదు. నిన్ను ఎత్తుకుని వాగు గట్టున చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. ఈలోగా మా అమ్మ చూసుకోక పై వరస పేర్చేసింది. తవ్వుదామంటే యోరున్ వద్దంది. ఆ రోజంతా ఒంటికాలి చెప్పుతోనే పనిచేసింది."

హోగ్ని చెప్పుని ఒళ్లో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"నిజంగా పరిగెత్తిందా? నేను బాధపడుతున్నానని ఇప్పుడు కల్పించావా?"

నిజం. ఆవిడ పరుగు, బురదంటిన ఆ ఒంటి పాదం ఇప్పటికీ నా కళ్లముందున్నాయి. నా బతుకులో నేను కళ్లారా చూసి అతనికి చెప్పిన నిజం అదొక్కటే. కానీ డెబ్బై ఏళ్లు అబద్ధం నమిలిన నోటితో చెప్తే అతను ఏ ముఖం చూసి నమ్మాలి? ఒట్టు పెట్టుకుందామన్నా ఎవరిమీద పెట్టుకోను?

"పరిగెత్తిందిరా" అన్నాను.

నా ముఖంలోకి చూశాడు. లేచి కోటు దులుపుకున్నాడు. "రేపు వస్తాను. మళ్లీ మొదట్నుంచీ చెప్పు. మాట మారుతుందేమో చూస్తాను."

మర్నాడు వచ్చాడు. చెప్పాను. ఆ మర్నాడూ వచ్చాడు. రెండేళ్లయింది. ఇప్పటికీ వచ్చి కుర్చీలో కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా ముట్టకుండా, "మా అమ్మ ఎలా పరిగెత్తిందో చెప్పవే" అంటాడు.